పులిని కోసింది లేజరే, గీసిందెవరు?

ఆన్‌లైన్ అంగళ్లలో గోడ అలంకరణల వరసలు తిరగేస్తే ఒక సింహం తప్పకుండా ఎదురవుతుంది. ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన చెక్క ముఖం, జూలులో మూడు నాలుగు గోధుమ ఛాయలు, చుట్టూ కాలిన అంచు. కింద పెద్ద అక్షరాలతో ‘చేత్తో చేసినది’ అని ఉంటుంది. ఆ పక్కనే తోడేలు, దాని తర్వాత మంచుదేశపు కొమ్ముల దుప్పి, ఆ తర్వాత ఏనుగు. అమ్మేవాళ్ల పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి. సింహం మాత్రం మారదు. జూలు ఎక్కడ మెలి తిరిగిందో, మీసం దగ్గర ఎన్ని చీలికలున్నాయో, అన్నీ ఒకటే.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ బొమ్మ ఒక కంప్యూటర్ ఫైలు. కొన్న ప్రతివాళ్లూ, కొనకుండా దింపుకున్న ప్రతివాళ్లూ అదే ఫైలును తమ లేజర్ యంత్రానికి ఎక్కిస్తున్నారు.

చేతివృత్తుల అభిమానులకు ఈ సరుకు చూస్తే ఒళ్లు మండుతుంది. యంత్రం వచ్చి చెక్కపనిని మింగేస్తోందని వాళ్ల బాధ. బాధలో న్యాయముంది గానీ గురి తప్పింది. లేజర్‌తో చెక్క కోయడంలో తప్పేమీ లేదు. తప్పు రెండు చోట్ల ఉంది: ఎవరో గీసిన బొమ్మను పేరు చెప్పకుండా వాడుకోవడంలో, యంత్రం కోసినదాన్ని చేత్తో కోశామని చెప్పి అమ్మడంలో. ఈ రెండూ సరిచేస్తే తెలుగునాట చిత్రకారులకూ వడ్రంగులకూ ఇది మంచి జీవనోపాధే అవుతుంది.

ముందు యంత్రం సంగతి. చెక్కను కోసే లేజర్ కథలో మన దేశీయుడొకరున్నారు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజినీరింగ్ కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన సి. కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టారు. ఆ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. కంటికి కనిపించదు. చెక్క మాత్రం దాన్ని ఇట్టే పీల్చుకుంటుంది. కటకం గుండా ఒక్క బిందువు మీదికి చేరిన కిరణం తగిలిన చోట చెక్క తెగదు, ఆవిరైపోతుంది. గీత వెడల్పు రెండు మూడు వెంట్రుకల మందం. 40 వాట్ల చిన్న యంత్రం కూడా 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఒక్క వరసలో కోసేస్తుంది. రంపం కాదు కనుక చెక్కను బిగించి పట్టుకోనక్కర్లేదు. పెళుసు ముక్క విరుగుతుందన్న భయం లేదు. ఎంత ఇరుకు మలుపులోనైనా తిరుగుతుంది. సన్నరంపంతో ఒక పూట పట్టే నెమలి పింఛం దీనికి కొన్ని నిమిషాల పని.

కోత సులువైంది కనుక పనంతా సులువైందనుకుంటే పొరపాటు. మొదటి చిక్కు గీతలోనే ఉంది. కాగితం మీద పులికన్ను గీయడానికి ఒక చుక్క చాలు. చెక్కలో కన్ను చుట్టూ గీత కోస్తే కన్ను కాస్తా ఊడి కింద పడుతుంది. దాన్ని ముఖానికి పట్టి ఉంచే సన్నని వంతెన ఒకటి వదలాలి. ఆ వంతెన ఎక్కడ వదిలితే కనుబొమ్మ గీతలో కలిసిపోతుందో, ఎక్కడ వదిలితే పులికి మెల్లకన్ను వస్తుందో తెలిసుండాలి. చారలన్నీ ఖాళీలుగా తీసేస్తే మధ్యలో మిగిలిన చెక్క పుల్లలై విరుగుతుంది. చారలను ఉంచి ఒళ్లు తీసేస్తే పట్టి ఉంచేదే మిగలదు. జంతువు ఒంటిలో ఏ గీత లేకపోయినా అది పులిగానే ఉంటుందో, ఏది పోతే పిల్లి అవుతుందో నిర్ణయించేది చిత్రకారుడి కన్నే. ఆ నిర్ణయం యంత్రం తీసుకోదు.

రెండో చిక్కు చెక్క. దుకాణంలో ‘ప్లైవుడ్ ఇవ్వండి’ అంటే దొరికే సరుకంతా దీనికి పనికిరాదు. ఐ.ఎస్. 303 ముద్రతో వచ్చే, కొంత తేమను మాత్రమే తట్టుకునే మామూలు ఎం.ఆర్. రకంలో జిగురు తేలిక. కిరణానికి లొంగుతుంది. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ నీళ్లను తట్టుకునేందుకు వాడే ఫినాల్ జిగురు వల్ల మొండికేస్తుంది, బొగ్గవుతుంది. వంటింటి అలమరాకు మెరుగైనదే గోడ బొమ్మకు చెడ్డదన్నమాట. ఏ రకమైనా లోపలి పొరల్లో బొడిపో, పుట్టీ నింపిన సందో ఉంటే అక్కడ కిరణం ఆగిపోతుంది. తీరా పలక ఎత్తి చూస్తే దుప్పి కొమ్ము ఒకటి ఇంకా అంటుకునే ఉంటుంది. చెక్కపీచును జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. పలకలో ఈ గొడవ లేదు, ఎక్కడ కోసినా ఒకేలా తెగుతుంది. కానీ దానికి సహజమైన చారలు లేవు. చారల్లేని పలకకు స్టెయిన్ పూయడం డబ్బు దండగ. రంగే వేసుకోవచ్చు.

స్టెయిన్‌కూ రంగుకూ తేడా అదే. రంగు చెక్కను కప్పేస్తుంది. స్టెయిన్ చెక్కలోకి ఇంకి దాని చారలను పైకి తెస్తుంది. ఒకే పలకలోంచి కోసిన ముక్కల్లో ఒకదాని చారలు నిలువుగా, మరోదాని చారలు అడ్డంగా వచ్చేటట్టు అమరిస్తే, ఒకే డబ్బాలోని స్టెయిన్ కూడా రెండు ఛాయలుగా కనిపిస్తుంది. గుర్రం మెడ కండ తిరిగినట్టు కనిపించడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు. ఫైలు దింపుకుని కోసేవాళ్లలో ఎక్కువమంది ఈ సంగతి పట్టించుకోరు. పలక వృథా కాకూడదని ముక్కలను ఎటు పడితే అటు ఇరికిస్తారు. ఫలితంగా గుర్రం మెడ మీద చారలు గజిబిజిగా పరిగెడతాయి.

ఇక చేతికి మసి అంటే పని. కోసిన అంచు నల్లగా మాడి ఉంటుంది. పైభాగం మీద పొగ మరకలు పడకుండా కోతకు ముందే కాగితపు టేపు అంటించుకోవాలి. కోశాక ఒక్కో ముక్కా తుడిచి, అంచు మసి వదిలేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. లేకపోతే స్టెయిన్‌లో తడిసిన మసి లేతరంగు ముక్క మీదికి పాకి మొత్తం పాడుచేస్తుంది. నీటి స్టెయిన్ అయితే చెక్కలోని నూగు పైకి లేస్తుంది. అందుకని ముందే తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, సన్నరకం కాగితంతో మరోసారి రుద్దుకుంటారు. ఒక ముక్కను ఎక్కువ, ఒకదాన్ని తక్కువ రుద్దితే రెండూ ఒకే రంగు తాగవు. నున్నగా రుద్దినది తక్కువ తాగి లేతగా తేలుతుంది. పైన్ లాంటి మెత్తని చెక్కలు మచ్చలు మచ్చలుగా తాగుతాయి కనుక పల్చని సీలర్ పూత ముందు పడాలి. ముందువైపు మాత్రమే పూత వేసి వెనక వదిలేస్తే కోస్తా తేమకు ఆ పలక నాలుగు వానలకే వంగిపోతుంది. మరకలు పోయి, ముక్కలన్నీ ఆరి, ఫెవికాల్‌తో అతుక్కుని, పైన లక్క పాలిషో వార్నిషో పడేసరికి కోతకు పట్టిన సమయానికి ఎన్నో రెట్లు గడిచిపోతుంది.

స్టెయిన్ డబ్బాలు అంగట్లో కొనుక్కోవచ్చు. అందరూ కొంటున్నదీ అవే, అందుకే అందరి సింహాలకూ ఆ నాలుగు గోధుమ ఛాయలే. ఇక్కడ మన నేలకు ఒక ఆధిక్యం ఉంది, దాన్నెవరూ వాడుకోవడం లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత ఎలా పుడుతుందో చూడండి. కరక్కాయ రసంలో నానిన బట్ట మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి పులియబెట్టిన ద్రవంతో గీస్తారు. కరక్కాయలోని టానిన్, ద్రవంలోని ఇనుము కలిసిన చోట నలుపు పుడుతుంది. విదేశీ వడ్రంగులు వెనిగర్‌లో ఇనుప పీచు నానబెట్టి ఓక్ చెక్కను నల్లగా మార్చేదీ ఈ రసాయనంతోనే. ఓక్‌లో టానిన్ సొంతంగా ఉంటుంది. టానిన్ తక్కువున్న చెక్కకు ముందు కరక్కాయ కషాయం పూసి, ఆరాక ఇనుప ద్రవం పూస్తే సరి. కృష్ణజింక వీపు నలుపుకు డబ్బా రంగు అక్కర్లేదు.

ఇంత పని చేతుల మీదుగా జరిగినప్పుడు దాన్ని చేతిపని అనొచ్చా? 2018 జూలైలో చేతివృత్తుల వస్తువుల మీద జి.ఎస్.టి. విషయమై కేంద్రం ఇచ్చిన ప్రకటన దీనికి ఒక కొలమానం పెట్టింది. పనిముట్లో యంత్రాలో కొంత వాడినా ప్రధానంగా చేత్తో తయారైనది చేతివృత్తి వస్తువు. దానికి గణనీయమైన అలంకరణ ఉండాలి. అదే అవసరానికి యంత్రం మీద తయారయ్యే సరుకు కన్నా స్పష్టంగా భిన్నంగా కనిపించాలి. తెలివైన నిర్వచనమే. యంత్రాన్ని గడప దాటనివ్వని ఛాందసం లేదు, యంత్రం పనికి చేతి పేరు పెట్టుకునే వీలూ లేదు. సొంతంగా గీసి, కోసి, స్టెయిన్ పూసి, కూర్చిన చెక్క జింక ఈ కొలతకు నిలబడే అవకాశం ఉంది. దింపుకున్న ఫైలుతో కోసి రంగు చిమ్మి పెట్టెలో పెట్టినది నిలబడదు.

యంత్రమంటే ఉలిక్కిపడేవాళ్లు ఒకసారి అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక వైపు చూడాలి. వరాహనది ఒడ్డున అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలన్నీ లేత్ మీద తిరిగి పుట్టినవే. కరెంటు లేత్ వచ్చాక తిప్పే శ్రమ తగ్గింది, అంతే. ఉలి ఎంత లోతుకు దిగాలో, తిరిగే కర్రకు లక్క ఎప్పుడు ఆనించాలో, మొగలి ఆకుతో ఎంతసేపు మెరుగు పెట్టాలో చెప్పేది చెయ్యే. రసాయన రంగుల వైపు జారిపోతున్న ఆ ఊరిని పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగుల వైపు మళ్లించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. వాటికి కరెంటు మోటారు అడ్డం రాలేదు.

అయితే ప్రతి చెక్కపనికీ లేజర్ తగిలించాలని దీని అర్థం కాదు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రలోంచి ఉలితో తీసినది. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల జిగురుతో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి పెంచిన నిండు రూపం. నిర్మల్ బొమ్మదీ పొణికి కర్రే. పలకను మాత్రమే కోయగల లేజర్‌కు అక్కడ పని లేదు. పొణికి చెట్టే అరుదైపోతున్న రోజుల్లో దాన్ని పలకలు చేసి గోడకు వేలాడదీయడం బుద్ధిలేని పని. ఈ రెండు పేర్లకూ, ఏటికొప్పాక పేరుకూ భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. ప్లైవుడ్ ఏనుగుకు కొండపల్లి పేరు తగిలిస్తే అది అచ్చంగా దొంగతనం.

చేనేతలో ఈ తగువు ఎప్పుడో వచ్చింది. పవర్‌లూమ్ మీద నేసిన చీరను చేనేత పేరుతో అమ్ముతుంటే కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేశారు. 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ తెచ్చారు. మోసం పూర్తిగా ఆగలేదు, నిజమే. కానీ కొనేవాళ్ల చేతికి అడగడానికి ఒక ప్రశ్న వచ్చింది. లేజర్ చెక్క బొమ్మ కొనేవాళ్లకు అదీ లేదు.

బొమ్మ దగ్గరికి వద్దాం. చెక్క పలకలో ఖాళీలతో రూపం తీయడం ఎక్కడో పుట్టిన కొత్త విద్య అన్నట్టు విదేశీ ఫైళ్ల వెంటపడుతున్నాం. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు తరతరాలుగా చేస్తున్నదేమిటి? పల్చటి తోలు మీద రూపం గీసి, ఉలితో వందలాది చిల్లులు పొడిచి, రెండువైపులా రంగులు అద్దుతారు. నగ ఎక్కడో, కండ ఎక్కడో, అంచు ఎక్కడో ఆ చిల్లుల వరసలే చెబుతాయి. ఎక్కడ చిల్లు పడితే తోలు చిరుగుతుందో, ఎక్కడ పడితే నిలుస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. వాళ్ల రామాయణ బొమ్మల్లోని మాయలేడినో, జటాయువునో చెక్కలోకి దించడానికి అదే ఊరి చిత్రకారులకు డబ్బిచ్చి గీయించుకుంటే, ప్రపంచంలో ఇంకెక్కడా లేని గోడ బొమ్మ అవుతుంది. అడగకుండా తీసుకుంటే మాత్రం సింహం ఫైలు కథే ఇంటి దగ్గర మళ్లీ మొదలవుతుంది.

జంతువులకైనా మనకేమి కరువు? గోడ మీద జంతువు తల అనగానే ఒకప్పుడు వేటాడి గడ్డి కూరిన తలే. మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం దాదాపు శతాబ్దం పాటు ఆ పని చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్లెం వేశాక ఆ ముచ్చట తీరిపోయింది. మంచిదే అయింది. ఇప్పుడు చెక్క తల పెట్టుకునే అవకాశం వచ్చినప్పుడు కూడా ఊహ అలస్కా దుప్పి దగ్గరే ఆగిపోవడం విచిత్రం. దేశంలోనే విస్తీర్ణంలో అతి పెద్ద పులుల అభయారణ్యం నల్లమలలో ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్క విప్పితే నీలిమందుకు అంతకన్నా మంచి పని దొరకదు. ఒంగోలు గిత్త మూపురం ఒక్క గీతలో వస్తుంది. కొల్లేటి గూడకొంగ ముక్కు సంచి, పులికాట్ రాజహంస మెడ వంపు, మడ అడవుల బావురుపిల్లి మచ్చలు ఎవరి చేతి కోసమో ఎదురుచూస్తున్నాయి.

అన్నిటికన్నా కలివికోడి. పూర్తిగా అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల అడవిని అభయారణ్యం చేశారు. రాత్రిపూట తిరిగే పక్షి కనుక పెద్ద కళ్లు. కంటి పైన లేత గీత, రొమ్ము మీద రెండు గోధుమ పట్టీలు. మూడు ఛాయల స్టెయిన్‌తో కూర్చడానికి ఎవరో గీసిపెట్టినట్టుంటుంది. ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఈ పక్షిని ఆ జిల్లా హోటళ్ల గోడల మీదైనా ఎందుకు పెట్టుకోరో అర్థం కాదు.

సింహమే అమ్ముడవుతుంది, కలివికోడిని ఎవరు కొంటారని వ్యాపారులు అంటారు. సింహం అమ్మేవాళ్లు వేలల్లో ఉన్నప్పుడు ధర ఎక్కడికి పోతుందో కూడా వాళ్లే చెప్పాలి. ఒకే ఫైలు కోసే ఇద్దరి మధ్య పోటీకి ధర తగ్గించడం తప్ప మరో ఆయుధం లేదు. ధర తగ్గితే ముందుగా ఎగిరిపోయేది గరుకు కాగితంతో రుద్దే గంటే.

ఇంట్లో యంత్రం పెట్టుకుంటున్న కుర్రకారుకు ఒక హెచ్చరిక. అపార్టుమెంటు బాల్కనీలో ఎం.డి.ఎఫ్. కోస్తే దాని జిగురులోని ఫార్మాల్డిహైడ్ పొగ ఇల్లంతా కమ్ముతుంది. పొగ బయటికి లాగే గొట్టం తప్పనిసరి. పి.వి.సి. పలక పొరపాటున కూడా పెట్టకూడదు. అది కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులనూ యంత్రాన్నీ కలిపి తినేస్తుంది. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ ఎంపోరియంలు ప్రతి చెక్క బొమ్మకూ ఒక చీటీ కట్టాలి. బొమ్మ గీసినవారి పేరు, కోసింది లేజరో ఉలో రంపమో, చెక్క ఏమిటి, పూత ఏమిటి. ఇంతే. ‘లేజర్‌తో కోసి, చేత్తో స్టెయిన్ పూసినది’ అని రాస్తే పరువేమీ పోదు. 2023లో హైదరాబాద్‌లో తెరిచిన నమూనా వస్తువుల తయారీ కేంద్రం టి-వర్క్స్ లాంటి చోట యంత్రాలు ఉన్నాయి. అక్కడికి నిమ్మలకుంట, నిర్మల్ చిత్రకారులను కొన్ని రోజుల పాటు కూలి నష్టపోకుండా పిలిపించి, వాళ్ల గీతను ఫైలుగా మార్చడం నేర్పవచ్చు. అమ్మిన ప్రతి బొమ్మ మీదా గీసినవారికి ఇంత అని వాటా రాసిచ్చే ఒప్పందం కూడా అక్కడే కుదరాలి.

చట్టంలో ఒక మెలిక ఉంది, చిత్రకారుల్లో చాలామందికి దాని సంగతి తెలియదు. డిజైన్‌గా నమోదు చేయించుకోదగ్గ బొమ్మను నమోదు చేయించకుండా, యజమాని గానీ అతని అనుమతితో మరొకరు గానీ యంత్రం మీద యాభైకి మించి తయారుచేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ రక్షణ పోతుందని 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. లేజర్‌కు యాభై బొమ్మలు వారం రోజుల పని కూడా కాదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. కానీ ఆ చట్టం కొత్తదనం అడుగుతుంది. అప్పటికే నలుగురికీ చూపించి అమ్మేసిన బొమ్మను ఒప్పుకోదు. కాబట్టి ఎంపోరియం మొదటి కలివికోడిని అద్దాల బీరువాలో పెట్టకముందే దరఖాస్తు పడాలి. ఆ రుసుము చిత్రకారుడి చేత కట్టించకుండా ఎంపోరియమే భరించాలి.